వెనిగర్ పరీక్షా, హెచ్‌పీవీ పరీక్షా?

పర్లాకిమిడిలో ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వాడుతున్న ఒక వదిన అడిగింది: "మందులు మానకుండా వేసుకుంటున్నాను కదా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష నాకెందుకు?"

మందులతో సీడీ4 కణాలు, అంటే ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాలు, పెరుగుతాయి, నిజమే. కానీ అవి తగ్గి ఉన్న రోజుల్లోనే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే మరో వైరస్ తిష్ఠ వేసి ఉండొచ్చు. రోగనిరోధక శక్తి బాగుంటే చాలామందిలో అది ఏడాది, రెండేళ్లలో పోతుంది. కాపలా సడలితే మొండికేసి కూర్చుంటుంది. అందుకే హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు సుమారు 6 రెట్లు.

వెనిగర్ పరీక్షలో గర్భాశయ ముఖద్వారానికి 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేదే) పూసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లబడిన చోటు అనుమానించాల్సింది. ఫలితం అప్పుడే తెలుస్తుంది. గుణుపురం అవతలి కొండ ఊళ్ల నుంచి కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి ఇది చిన్న మాట కాదు. అయితే అంతా చూసేవాళ్ల కంటి మీద ఆధారపడుతుంది.

హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే పట్టుకుంటుంది. శాంపిల్ సొంతంగానూ తీసుకోవచ్చు, సిగ్గు సమస్య తప్పుతుంది. ల్యాబ్ కావాలి, ఖర్చూ ఎక్కువే. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, మరో పరీక్ష చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనికే మొగ్గింది: హెచ్‌ఐవీ ఉంటే 25 ఏళ్ల నుంచి, 3–5 ఏళ్లకోసారి.

వదినతో నేనన్నది ఇదే: హెచ్‌పీవీ పరీక్ష దొరికితే అదే చేయించుకో. దొరకలేదని ఆగకు, వెనిగర్ పరీక్షైనా ఈ నెల మందులకు వెళ్లినప్పుడే అడుగు.