కురేలో పోయిన 24 వేల యెన్లు

ముందు డబ్బు సంగతి కక్కేస్తే గానీ మిగతాది రాయలేను. జపాన్‌లో హిరోషిమా దగ్గరి రేవు పట్నం కురేలో, రెండో ప్రపంచయుద్ధం తర్వాత విదేశీ సైన్యాలు మకాం వేసిన చోట్లన్నీ సగం రోజులో చూపిస్తామని, ఇంగ్లీషు వచ్చిన గైడును ఇస్తామని రాసి ఉంటే నమ్మి, ఇంటి దగ్గర నుంచే 24,000 యెన్లు కట్టాను. మన డబ్బులో పదమూడు వేల పైమాటే.

గైడు మర్యాదస్తుడే, వంగి వంగి దండాలు పెట్టాడు. తీసుకెళ్లింది మాత్రం రోడ్డు పక్కన నిలబెట్టిన జలాంతర్గామి మ్యూజియానికి. దానికి టికెట్టే లేదు, ఎవరైనా ఊరికే లోపలికి వెళ్లి చూడవచ్చు. ఆ తర్వాత రేవులో పడవ షికారు, ఆ టికెట్లు మళ్లీ మేమే కొన్నాం. యమాతో అనే పెద్ద యుద్ధనౌకను ఈ ఊళ్లోనే కట్టారని మూడుసార్లు చెప్పాడు. జపాన్ లొంగిపోయిన 1945 ఆగస్టు దాటి మాత్రం ఒక్క అడుగు ముందుకు వేయలేదు. "మా నాన్న ఈ రేవులోనే దిగాడు" అని నాన్న అంటే, "ఇక్కడికి వచ్చింది ఆస్ట్రేలియావాళ్లు" అని సరిదిద్దాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి అంత దూరం వచ్చింది ఆ మాట వినడానికా! సాయంత్రం దాకా ఆయన మాతో మాట్లాడలేదు. పైగా ఆ రాత్రి హోటల్లో సిగరెట్లు తాగని గది అడిగితే తాగే గది ఇచ్చి, చేతిలో ఒక సెంటు సీసా పెట్టారు. 9,200 యెన్లకు నేను, మా ఆవిడ, నాన్న ముగ్గురం కిటికీ దగ్గర ముక్కులు పెట్టుకుని పడుకున్నాం.

గైడు చెప్పింది సగమే నిజం. ఓడిపోయిన జపాన్‌ను అదుపులో ఉంచడానికి 1946లో వచ్చిన కామన్వెల్త్ (బ్రిటిష్ సామ్రాజ్య దేశాల) సైన్యంలో ఆస్ట్రేలియా, బ్రిటన్, న్యూజీలాండ్‌లతో పాటు మనవాళ్లూ ఉన్నారు. పంజాబీ, మరాఠా, గూర్ఖా పటాలాలున్న మన బ్రిగేడుకు నాయకుడు తిమ్మయ్య, తర్వాత మన సైన్యాధిపతి అయిన ఆయనే. మా తాతయ్య వాళ్ల దగ్గర లారీ డ్రైవరు. ఆయన చెప్పిన జపాన్‌లో యుద్ధం ఎక్కడా లేదు. దొరికిన తుపాకులూ మందుగుండూ పోగుచేసి నాశనం చేయడానికి మోయడం, సైనికుల కోసం తెల్ల చార గీసిన రైలు పెట్టెలు, ఊళ్లోవాళ్లతో కలవకూడదన్న ఆర్డరు, టైరు పేలితే మంచులో పడ్డ పాట్లు. ఎక్కువగా చెప్పింది తిండి గురించే. ఊళ్లోవాళ్లకే తిండి చాలని రోజులు కాబట్టి వాళ్ల దగ్గర ఏదీ కొని తినకూడదని నిషేధం. తన చుట్టూ ఉన్నదంతా రొట్టెలు తినే పటాలం. "రోడ్డుకు రెండు పక్కలా వరిచేలు, నా పళ్లెంలో మాత్రం రొట్టె" అనేవాడు.

మర్నాడు గైడూ లేడు, ప్లానూ లేదు. స్టేషన్ నుంచి పావుగంట నడిచి ఇరిఫునెయామా అనే చోటికి వెళ్లాం. మనిషికి 250 యెన్లు. 1905లో కట్టిన నౌకాదళాధిపతి నివాసం ఇది. ముందు భాగం దొరల బంగళా, వెనక భాగం చాపలు పరిచిన జపాన్ ఇల్లు. ముందు గదుల గోడలకూ కప్పులకూ తోలుమీద చెక్కినట్టు ఉబ్బెత్తు పువ్వులున్న బంగారు కాగితం. వంగి పక్కనుంచి చూస్తే ఒక్కో రేకూ విడిగా మెరుస్తుంది. యుద్ధం తర్వాత 1956 దాకా కామన్వెల్త్ సైన్యాధిపతి ఉన్నది ఈ ఇంట్లోనే! నేను కట్టిన 24 వేలకు చూపించాల్సింది సరిగ్గా ఇదే, పావుగంట నడక దూరంలో ఉంది. మంగళవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. "నాన్నను ఈ గేటు దాటి రానిచ్చి ఉండరు" అన్నాడు నాన్న. అని, ఆ బంగళా అంతా రెండుసార్లు తిరిగాడు.

హిరోషిమా నుంచి కురేకు రైలు 510 యెన్లే కాబట్టి అక్కడ ఉండి వచ్చి వెళ్లండి. కురేలో రాత్రి గడపవలసిన పని లేదు.

కురే తర్వాత మేం వెళ్లింది సరస్సు పక్కనున్న మాత్సుయే అనే ఊరికి. ఒకాయమా నుంచి అక్కడికి యకుమో అనే రైల్లో రెండున్నర గంటలు, మనిషికి ఆరు వేల పైచిలుకు. కొండల్లో మెలికలు తిరుగుతుంది, మా ఆవిడకు కడుపులో తిప్పింది. మన బ్రిగేడు మకాం ఆ వైపే. అక్కడా మనవాళ్ల ఆనవాలు ఒక్కటీ మా కంట పడలేదు. నల్లచెక్క కోట బాగుంది, సరస్సు మీద సాయంత్రం ఇంకా బాగుంది.

కోట దగ్గర ఒక చిన్న భోజనశాలలో 1,100 యెన్లకు భోజనం పెట్టారు. కాల్చిన చేప, ఊరగాయ ముక్కలు, సరస్సులో దొరికే గోరంత ఆల్చిప్పల చారు, అన్నం. చారు చూసి నాన్న "ఈ గవ్వలేమిటి?" అని పక్కకు నెట్టాడు. అన్నం మాత్రం నిమిషంలో అయిపోయింది. మళ్లీ అన్నం కావాలంటే అక్కడ డబ్బు తీసుకోరు, "ఒకవరి" అంటే చాలని పక్క బల్లమీది కుర్రవాడు ఇంగ్లీషులో చెప్పాడు.

"ఏమన్నాడు, ఒక వరా?" అని నాన్న మా ఆవిడను అడిగాడు.

"అవును మామయ్యగారూ, అలాగే అనండి."

ఖాళీ గిన్నె ఎత్తి పట్టుకుని వంటగది వైపు తిరిగి గట్టిగా అన్నాడు. వడ్డించే ఆవిడ నవ్వుతూ వచ్చి నిండా పెట్టి వెళ్లింది. అది అయ్యాక మళ్లీ అన్నాడు. మూడో గిన్నెకు ఆవిడ అడక్కుండానే వచ్చింది.