గీవర్ తగరం గని, బిగ్ పిట్ బొగ్గు గని: ఏది చూడాలి?

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఉన్న గీవర్ వెళ్ళాలనుకుంటే ముందు తెరిచి ఉండే రోజులు చూసుకోండి. వారమంతా తెరవరు. లండన్ పాడింగ్టన్ నుంచి పెన్జాన్స్‌కు రైల్లోనే సుమారు ఐదు గంటలు, అక్కడి నుంచి గని ఉన్న పెండీన్‌కు బస్సు. తీరా వెళ్ళాక గేటుకు తాళం కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

1985లో తగరం ధర కుప్పకూలడంతో దెబ్బతిన్న ఈ గని 1990లో మూతపడింది. సముద్రం కిందికి కూడా తవ్విన లోతైన సొరంగాలు ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. గైడు మనల్ని తిప్పేది వీల్ మెక్సికో అనే 18వ శతాబ్దపు పాత గనిలో. కోటు, హెల్మెట్ వాళ్ళే ఇస్తారు. కాస్త పొడుగు మనిషైతే నడుం వంచుకునే నడవాలి. హెల్మెట్ ఎందుకిచ్చారో రెండో మలుపుకే తెలిసిపోతుంది! మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఇరుకంటే టెన్షన్ పడేవాళ్ళు పైనే ఉండిపోవడం మంచిది.

పైన చూసేదీ తక్కువేం కాదు. ఖనిజాన్ని నీళ్ళతో జల్లించి తగరం వేరుచేసే బల్లలున్న మిల్లు ఉంది. నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపేసింది మాత్రం 'డ్రై', అంటే కార్మికులు స్నానం చేసి బట్టలు మార్చుకునే గది. లాకర్లు, పని బట్టలు అలాగే ఉంచేశారు.

మన కోలార్ బంగారు గనులు నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడికి పట్టుకెళ్ళింది ఈ కార్న్‌వాల్ గని పనివాళ్ళనే. వాళ్ళ అజమాయిషీలో కింద రాయి పగలగొట్టిన వాళ్ళలో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులూ మూతపడ్డాయి. కోలార్‌లో కూడా ఒక్క 'డ్రై' అయినా ఇలా నిలబెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక వేల్స్‌లోని బిగ్ పిట్. 1980లో మూసి 1983లో మ్యూజియంగా తెరిచిన బొగ్గు గని. లిఫ్టులో 90 మీటర్లు కిందికి దించుతారు. నిప్పురవ్వ భయంతో ఫోన్లు, వాచీలు ముందే తీసుకుంటారు కాబట్టి ఫొటోల ఆశ వదులుకోండి. మీటరు ఎత్తు లేని పిల్లల్ని కిందికి పంపరు. గనిలో బొగ్గు బళ్ళు లాగిన గుర్రాల్ని కట్టేసిన శాలలు చూపించినప్పుడు పిల్లలు కిక్కురుమనలేదు. ఏర్పాట్లలో బిగ్ పిట్‌దే పైచేయి. కార్డిఫ్ నుంచి ఒక్క పూటలో చూసి రావచ్చు. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం, దూరమైనా నా ఓటు గీవర్‌కే.

బసకు పెన్జాన్స్ మేలు. పెండీన్ చిన్న ఊరు, రాత్రి భోజనానికి తిప్పలే. మేము దిగిన గెస్ట్‌హౌస్‌లో లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, పెద్ద సూట్‌కేసులతో నానా అవస్థ పడ్డాం. ఆగస్టులో అద్దెలు మండిపోతాయి, జూన్ నయం. శాకాహారులు గీవర్ క్యాంటీన్‌లో చీజ్, ఉల్లిపాయ పేస్టీ (లోపల కూరిపెట్టి మడిచి కాల్చే కార్న్‌వాల్ వంటకం) ఉందేమో అడగండి. కారం మాత్రం మీరే పట్టుకెళ్ళాలి.