జపాన్ పాత కారు కొనేవాళ్ళకి హెచ్చరిక: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి

న్యూజిలాండ్‌కి కొత్తగా వచ్చి, మొదటి కారు కోసం పాత కార్లు అమ్మే యార్డుల చుట్టూ తిరుగుతున్న మన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ మాట. మా తమ్ముడు సౌత్ ఆక్లాండ్‌లో ఒక యార్డులో 2011 మోడల్ టయోటా ప్రియస్ కొన్నాడు, పెట్రోలుతో పాటు బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు. ప్రకటనలో "ఫ్రెష్ ఇంపోర్ట్, గ్రేడ్ 4, వన్ ఓనర్" అని ఉంది. గ్రేడ్ అంటే జపాన్ వేలంలో కారు కండిషన్‌కి వేసే మార్కు. నెల తిరక్కుండానే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ పోయింది. కాగితాలు తవ్వి చూస్తే గ్రేడ్ 4 అన్న మాట కూడా అబద్ధమని తేలింది. యార్డు పేరు రాయడం లేదు. మీరు రేపు వెళ్ళే యార్డులోనూ ఇదే జరగొచ్చు, అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

వాడు చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఇంజిన్ వేడిగానే ఉంది. "మీరొస్తున్నారని ఇప్పుడే కడిగి తీసుకొచ్చాం" అని ఒకసారి, "పెట్రోలు కొట్టించుకొచ్చాం" అని ఇంకోసారి చెప్పారు. టెస్ట్ డ్రైవ్‌లో కారు నీళ్ళలో చేపలా సాగిపోయింది. ఇంటికి తెచ్చుకున్నాక, బాగా చలిగా ఉన్న ఒక పొద్దున స్టార్ట్ చేస్తే కారంతా గజగజ వణికింది. ఇంజిన్ టకటకా కొట్టుకుంది, వెనక నుంచి తెల్లటి పొగ వచ్చింది. కాసేపటికి ఏమీ జరగనట్టు మామూలైపోయింది. రోజూ అదే తంతు. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కూలెంట్, దాని ట్యాంకులో మట్టం తగ్గుతూ వచ్చింది, కారు కింద చూస్తే చుక్క కూడా కారలేదు.

2009 నుంచి 2015 దాకా వచ్చిన 30 సిరీస్ ప్రియస్‌లో ఇది మెకానిక్‌లందరికీ తెలిసిన జబ్బే. ఇంజిన్ వదిలే పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి మసి పట్టి అది పూడుకుపోతుంది. దాంతో సిలిండర్లలో వేడి పెరిగి, చివరికి హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటుంది. రాత్రంతా కూలెంట్ కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి ఊరుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఆ వణుకు అందుకే. ఇంజిన్ వేడెక్కితే ఈ లక్షణం కనపడదు. కాబట్టి కొనేవాడు వచ్చేలోపు కారు ఓ పావుగంట నడిపితే చాలు, జబ్బు దాగిపోతుంది.

అందుకని నా మాట వినండి. యార్డు తెరిచే వేళకి వెళ్ళండి. ముందు రోజు ఫోన్ చేసి "కారు స్టార్ట్ చేయొద్దు, పొద్దున నేనే చేస్తాను" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే "రేపొస్తాను" అని వచ్చేయండి, మొహమాటం వద్దు. ప్రియస్‌లో బటన్ నొక్కి రెడీ లైటు వెలిగాక, చల్లటి ఇంజిన్ కొన్ని సెకన్లకి దానంతటదే అందుకుంటుంది. ఆ మొదటి నిమిషం రేడియో కట్టేసి, అమ్మేవాళ్ళతో మాటలు ఆపి, చెవి పెట్టి వినండి. కూలెంట్ ట్యాంకులు రెండుంటాయి, ఒకటి ఇంజిన్‌ది, ఒకటి ఇన్వర్టర్‌ది. ఇంజిన్‌ది ఏదో అడిగి దాని మట్టం చూడండి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత తీయొద్దు.

ఇక ఆక్షన్ షీట్ సంగతి. జపాన్‌లో వేలానికి వచ్చే ప్రతి కారునీ అక్కడి ఇన్‌స్పెక్టర్ చూసి ఒక కాగితం నింపుతాడు. మీద మొత్తం కారుకి గ్రేడ్, లోపలి భాగానికి ఏ, బి, సి అని ఇంకో గ్రేడ్ వేస్తాడు. కింద కారు బొమ్మ ఉంటుంది, దాని మీద దెబ్బ ఉన్న చోటల్లా అక్షరాలు రాస్తాడు. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేరు చేసి రంగు వేసిన చోట, ఎక్స్‌ఎక్స్ అంటే ఆ భాగాన్ని మొత్తంగా మార్చారని. పక్కన అంకె పెద్దదయ్యే కొద్దీ దెబ్బ పెద్దదని లెక్క. గ్రేడ్ గళ్ళో అంకెకి బదులు ఆర్ అనో ఆర్ఏ అనో ఉంటే, ఆ కారుకి ప్రమాదం జరిగి రిపేరు చేశారని అర్థం.

మా తమ్ముడికి యార్డువాళ్ళు ఫోన్లో చూపించింది ఆ షీటు ఫోటోనే. కానీ అందులో గ్రేడ్ గడీ, ఇన్‌స్పెక్టర్ చేతిరాత ఉన్న భాగం కత్తిరించేశారు. కారు బొమ్మ మాత్రమే కనపడుతోంది, అది కూడా సగం. తర్వాత మేం ఛాసిస్ నంబరు ఇచ్చి, డబ్బు కట్టి, ఇలాంటి రికార్డులు అమ్మే చోట అసలు షీటు తెప్పించాం. గ్రేడ్ ఆర్. కుడివైపు ముందు ఫెండర్, అంటే చక్రం మీద ఉండే రేకు మీద ఎక్స్‌ఎక్స్. రేడియేటర్‌ని పట్టుకుని ఉండే ముందరి ఫ్రేమ్ కూడా మార్చినట్టు రాసి ఉంది. అప్పుడు బానెట్ ఎత్తి, ఫెండర్‌ని బిగించే బోల్టులు చూశాం. ఎడమవైపు బోల్టుల మీద రంగు చెక్కుచెదరలేదు. కుడివైపు వాటి అంచుల్లో రంగు లేచిపోయి స్పానర్ పడిన గుర్తులున్నాయి. టార్చిలైటుతో రెండు నిమిషాల్లో చూడగలిగిన విషయం అది.

వాళ్ళు చూపించే షీటు నమ్మొద్దు. ఛాసిస్ నంబరు ఫోటో తీసుకోండి, మీరే తెప్పించుకోండి. ఆ ఖర్చు కారు ధరతో పోలిస్తే లెక్కలోకి రాదు. ఛాసిస్ నంబరు ఇవ్వడానికి నసిగేవాళ్ళ దగ్గర అసలు కొనకండి.

మీటరు విషయానికొస్తే, జపాన్‌లో ఆయిల్ మార్చినప్పుడు డోరు పక్కనో బానెట్ కిందో చిన్న స్టిక్కరు అంటిస్తారు. అందులో తేదీ, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు ఉంటాయి. సంవత్సరం చాలాసార్లు జపాన్ చక్రవర్తి లెక్కలో రాస్తారు. హెయిసెయ్ అయితే దానికి 1988 కలపండి, రెయివా అయితే 2018 కలపండి. హెయిసెయ్ 28 అంటే 2016. ఆ రోజున ఉన్న కిలోమీటర్లకంటే ఇప్పుడు మీటరు తక్కువ చూపిస్తే సంగతి మీకే అర్థమవుతుంది. ఫోన్ కెమెరాతో అనువాదం చేసే యాప్ ఉంటే ఆ స్టిక్కరు చదవడం చిటికెలో పని.

"వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ కొత్తగా చేయించాం, ఇంకేం టెన్షన్" అంటారు. మనవాళ్ళు చాలామంది ఇక్కడే పడిపోతున్నారు. వారంట్ అంటే కారు రోడ్డు మీద నడపడానికి తగినదా అని ఇక్కడ చేసే తనిఖీ. అందులో టైర్లు, బ్రేకులు, లైట్లు, సీటు బెల్టులు, బాడీకి తుప్పు లాంటి భద్రతకి సంబంధించినవే చూస్తారు. ఇంజిన్ ఆరోగ్యం, గేర్‌బాక్స్, హైబ్రిడ్ బ్యాటరీ దాని పరిధిలోవి కావు. మా తమ్ముడి కారు కూడా అందులో నిక్షేపంగా పాసైంది. కొనేముందు చేయించాల్సింది వేరే తనిఖీ, ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్. ఏఏ, వీటీఎన్‌జెడ్ లాంటి వాహన తనిఖీ సంస్థల్లో చేస్తారు. లేదంటే హైబ్రిడ్‌లు బాగా తెలిసిన మెకానిక్‌ని పట్టుకోండి. మనిషిని మీరే ఎంచుకోవాలి, డబ్బు మీరే కట్టాలి. యార్డు చేయించి పెట్టుకున్న రిపోర్టు యార్డు కోసం రాసిందే. వెళ్ళినప్పుడు కారు కింద తుప్పు కూడా చూడమనండి. హొక్కైడో, తోహోకు లాంటి మంచు ప్రాంతాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అక్కడ తిరిగిన కార్ల అడుగుభాగం తినేసి ఉండొచ్చు. పైన పెయింటు మెరుస్తుంటుంది.

హైబ్రిడ్‌లలో వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి అందించే జాలీ ఉంటుంది. దుమ్ము, కుక్క వెంట్రుకలు పట్టి పూడుకుపోయుంటే బ్యాటరీ వేడెక్కి తొందరగా పాడవుతుంది. వేలు పెట్టి తుడిచి చూడండి. నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళు డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఆరోగ్యం చూపించే 12 గీతలూ నిండుగా ఉన్నాయని సంబరపడొద్దు, రీసెట్ చేసి నిండుగా చూపించే మోసం ఉంది. లీఫ్‌స్పై యాప్, ఒక చిన్న బ్లూటూత్ ప్లగ్గు ఉంటే బ్యాటరీ అసలు ఆరోగ్యం తెలుస్తుంది. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ కూడా మర్చిపోవద్దు. వాటిలో గ్యాస్ పుట్టించే పరికరం వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. అందుకే 2018లో న్యూజిలాండ్ ప్రభుత్వం అందులో ప్రమాదకరమైన రకాన్ని తప్పనిసరిగా వెనక్కి పిలిపించింది. ఆన్‌లైన్‌లో కారు నంబరు కొట్టి, ఇలా వెనక్కి పిలిపించిన రీకాల్ ఏదైనా మీ కారుకి మిగిలుందేమో చూసుకోండి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఇది రేపటికి వాయిదా వేయొద్దు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళ కోసం, మేం ఏం చేశామో చెప్తాను. యార్డువాళ్ళు మొదట "పాత కారు కదండీ, ఇలాంటివి మామూలే" అన్నారు. తర్వాత "మీరు తీసుకున్న వారంటీ ఇన్సూరెన్సులో హెడ్ గ్యాస్కెట్ కవర్ కాదు" అన్నారు. ఆ ఇన్సూరెన్సుతో మనకి పని లేదు. డీలర్ దగ్గర కొన్న సొంత వాడకం కారుకి 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం వర్తిస్తుంది. పాత కారైనా సరే, దాని వయసుకీ ధరకీ తగినంత నాణ్యత ఉండాలి. లోపం పెద్దదైతే కారు తిరిగిచ్చేసి డబ్బు అడగొచ్చు. బయటి మెకానిక్ చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకున్నాం, అసలు ఆక్షన్ షీటు జత చేశాం, కారు తిరస్కరిస్తున్నామని ఈమెయిల్ పెట్టాం. ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడినా జవాబు ఈమెయిల్లోనే ఇమ్మన్నాం. వాళ్ళు నానుస్తుంటే మోటార్ వెహికల్ డిస్ప్యూట్స్ ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేశాం. లక్ష డాలర్ల దాకా తగాదాలు అక్కడ చూస్తారు. విచారణకి ముందే యార్డువాళ్ళు కారు తీసుకుని డబ్బు వెనక్కిచ్చారు. ఈలోగా తమ్ముడు నైట్ షిఫ్టులకి బస్సుల మీద తిరిగాడు, ఆ కష్టానికి ఎవరూ పరిహారం ఇవ్వలేదు.

మాకు బాగా పనికొచ్చిన కాగితం ఇంకోటుంది. డీలర్ కారు మీద కన్స్యూమర్ ఇన్ఫర్మేషన్ నోటీసు అతికించి తీరాలి. తయారైన సంవత్సరం, మీటరు సంగతి, దెబ్బతిన్న కారుగా దిగుమతి అయిందా అన్నది అందులో ఉంటాయి. సంతకం చేసిన కాపీ, ప్రకటన స్క్రీన్‌షాట్ రెండూ దాచుకోండి. ప్రకటన తీసేశాక "గ్రేడ్ 4 అని మేం అనలేదు" అన్నారు, స్క్రీన్‌షాట్ చూపించాక నోరెత్తలేదు.

"మనవాడే, ఇంటి దగ్గరే అమ్ముతున్నాడు, తక్కువకి ఇస్తాడు" అన్న బేరాలతో ఇంకా జాగ్రత్త. ప్రైవేటు అమ్మకానికి ఆ గ్యారంటీ చట్టం వర్తించదు, ఆ ట్రైబ్యునల్ కూడా ఉండదు. పాత అప్పు ఏదైనా కారు మీద ఉంటే ఫైనాన్స్ కంపెనీ వచ్చి కారు పట్టుకుపోవచ్చు, కాబట్టి డబ్బు ఇచ్చేముందు ఇలాంటి అప్పులు నమోదయ్యే ప్రభుత్వ రిజిస్టర్, పీపీఎస్ఆర్ చూడండి. 12 నెలల్లో ఆరు కంటే ఎక్కువ కార్లు అమ్మినా, మూడు కంటే ఎక్కువ దిగుమతి చేసుకున్నా, ట్రేడర్‌గా రిజిస్టర్ అవ్వాలని ఇక్కడి చట్టం. గరాజ్‌లో వరుసగా కార్లు పెట్టుకుని "నా సొంత బండి" అని ఎవరన్నా చెప్తే, ముందు ట్రేడర్ల రిజిస్టర్‌లో ఆ పేరు వెతకండి. అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. పేరు లేకపోతే, అన్నా అని పిలిచినా అక్కా అని పిలిచినా ఆ బేరం వదిలేయండి.