మూడేళ్లు ఎడిటింగ్ చేశాక నా లాప్‌టాప్ గురించి: స్టోరేజీకి దారి దొరికింది, ర్యామ్‌కి దొరకలేదు

ఈ లాప్‌టాప్ కొని మూడేళ్ల రెండు నెలలైంది. దీంట్లో నేను ఎడిట్ చేసేవన్నీ పాఠాల వీడియోలు. రెండు కెమెరాలు, విడిగా ఒక మైకు, గంటన్నర రికార్డింగు. అందులోంచి నలభై నిమిషాల వీడియో తేల్చాలి. వారానికి రెండు. మోడల్ పేరు చెప్పను. అది ఇప్పుడు అమ్మకంలో లేదు, పైగా నేను పడ్డ ఇబ్బంది ఏ కంపెనీ లాప్‌టాప్‌తోనైనా పడొచ్చు.

కొనేటప్పుడు నా చూపంతా ప్రాసెసర్ మీదే. ఎన్ని కోర్లు, ఏ జనరేషన్, గ్రాఫిక్స్ కార్డు ఏది అని వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నా. ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) 512 జీబీ అని ఉంటే మాత్రం "చాల్లే, తర్వాత పెంచుకుందాం" అనుకుని వదిలేశా. ఆ "తర్వాత" నా కొంప ముంచింది. నిజానికి సగం కొంపే, మిగతా సగాన్ని ఒక స్క్రూడ్రైవర్ కాపాడింది.

ముందు స్టోరేజీ సంగతి. 512 జీబీ అని కొంటే విండోస్‌లో కనపడేది 476, అది లెక్కపెట్టే తీరు వేరు. విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, అది పోగేసే క్యాష్ (తాత్కాలిక) ఫైళ్లు పోగా నాకు మిగిలింది 350 లోపే. ఇక నా కెమెరాలు 4కేలో సెకనుకు 100 మెగాబిట్లు రాస్తాయి. అంటే సెకనుకు 12.5 ఎంబీ, నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు, గంటన్నర: 135 జీబీ. టైమ్‌లైన్ సాఫీగా నడవడానికి ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు చేసుకుంటే, ప్రోరెస్ ప్రాక్సీ అనే ఫార్మాట్‌లో హెచ్‌డీకి గంటకు ఇంకో 20 జీబీ, రెండు కెమెరాల మూడు గంటలకు 60. మొత్తం ఒక్క పాఠానికే 200 జీబీకి దగ్గర పడుతోంది. ఐదో తరగతి పిల్లాడు వేసే గుణకారం ఇది. కొనకముందు వేసుకోలేదు, అంతే.

రెండో పాఠానికే డిస్క్ ఎర్రగీత దగ్గరికొచ్చింది. ఎస్‌ఎస్‌డీ నిండుతున్నకొద్దీ రాసే వేగం పడిపోతుంది, అదీ తెలిసొచ్చింది. పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి ఫుటేజీ అందులో పెట్టా. లెక్క ప్రకారం రెండు కెమెరాలకు కలిపి సెకనుకు 25 ఎంబీ చాలు, ఆ డిస్క్ వందకు పైనే ఇస్తుంది. కానీ తిరిగే డిస్క్ కదా, రెండు ఫైళ్ల మధ్య దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. కెమెరా మార్చిన ప్రతిసారీ బొమ్మ ఆగి, టకటకమని ఒక చప్పుడు, ఆ తర్వాత కదలడం. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఒక ఆదివారం ధైర్యం చేసి అడుగు మూత విప్పా. పది స్క్రూలు, వాటిలో వెనకవైపు రెండు పొడుగు. ఏది ఎక్కడిదో తప్పిపోకుండా కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి అక్కడక్కడే గుచ్చి పెట్టుకున్నా. లోపల ఎస్‌ఎస్‌డీ పక్కనే ఇంకోటి పట్టే ఖాళీ స్లాట్! ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో ర్యామ్ స్లాట్ కోసం వెతికా. లేదు. మదర్‌బోర్డు మీద సోల్డర్ చేసేసిన నల్లటి చిప్పులు, అంతే. వాటిని ఊడదీసేది లేదు, కొత్తవి పెట్టేది లేదు.

2 టీబీ ఎన్‌వీఎమ్ఈ డ్రైవ్ (వేగంగా పనిచేసే రకం ఎస్‌ఎస్‌డీ) తెచ్చి ఆ ఖాళీలో బిగించా. ఇరవై నిమిషాల పని. ఆ రోజు నుంచి స్టోరేజీ గురించి మళ్లీ ఆలోచించలేదు. నడుస్తున్న పాఠాలు అందులో, అయిపోయినవి ఆ పాత హార్డ్ డిస్క్‌లో. అది దాచుకోవడానికి బాగానే పనికొస్తుంది, ఎడిటింగ్‌కి కాదు.

ర్యామ్ కథ వేరు. మొదటి ఏడాది కత్తిరించి అతికించడమే కాబట్టి 16 జీబీ చాలింది. తర్వాత రంగులు సరిచేయడం, శబ్దంలో గరగర తీయడం, బోర్డు మీద రాసినట్టు కదిలే అక్షరాలు... ఒక్కొక్కటీ చేరాయి. పక్కన బ్రౌజర్ తెరిచి ఉంటే టాస్క్ మేనేజర్‌లో మెమరీ 94 శాతం. అక్కడి నుంచి విండోస్ మిగతాది ఎస్‌ఎస్‌డీ మీదకి తోస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్ ముందు దిగదుడుపే. స్పేస్ బార్ నొక్కి ఒకటి, రెండు, మూడు లెక్కపెడితే గానీ బొమ్మ కదలదు. ఓసారి ఎక్స్‌పోర్ట్ 82 శాతం దాకా వెళ్లి, చెప్పాపెట్టకుండా సాఫ్ట్‌వేరే మూసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే వీడియో ఇవ్వాలి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ చెప్పనలవి కాదు. పాఠాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కోటీ విడిగా ఎక్స్‌పోర్ట్ చేసి, చివర్లో అతికించా. ఇప్పటికీ పెద్ద పాఠాలకు అదే పద్ధతి.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది: తన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో హెచ్‌డీకి 16 జీబీ ర్యామ్, 4కేకి 32 జీబీ ఉండాలని అడోబీ ముందే రాసి పెట్టింది. డావిన్సీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యూజన్ (ఎఫెక్టుల విభాగం) వాడితే 32 అని దాన్ని చేసినవాళ్లూ రాశారు. చూడకపోవడం నా తప్పే.

ప్రాసెసర్ కోసం కొట్టుకున్నది మాత్రం వృథా పోలేదు. నా రెండో కెమెరా హెచ్.265లో, 10 బిట్ 4:2:2లో రికార్డు చేస్తుంది; రంగుల వివరం ఎక్కువ ఉండి, బాగా కుదించిన ఫైళ్లు అవి, విప్పి చూపించడం కంప్యూటర్‌కి కష్టం. ఇంటెల్ కొత్త తరాల్లో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే ఆ ఫైళ్లను విప్పుతుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ సదుపాయం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అందుకే తెలిసినవాళ్ల పెద్ద డెస్క్‌టాప్‌లో తడబడిన క్లిప్పు నా దాంట్లో జారిపోయినట్టు నడిచింది. ఆ రోజు కాస్త గర్వపడ్డా.

స్క్రీన్ బాగుంది. కీబోర్డ్ మీద స్పేస్ బార్ అక్షరాలా నున్నబడిపోయింది. ఎక్స్‌పోర్ట్ మొదలైతే ఫ్యాన్ హోరు పక్క గదిలోకీ వినిపిస్తుంది. ఛార్జర్ లేకుండా ఎడిటింగ్ అంటే మర్చిపోవచ్చు. వేగం తగ్గుతుంది, బ్యాటరీ ఇప్పుడు గంట కూడా రాదు.

మళ్లీ కొంటే? మొదట ర్యామ్ సోల్డర్ చేసిందా, స్లాట్లు ఉన్నాయా అని చూస్తా. సోల్డర్ చేసిందైతే ఈ ఏడాదికి చాలేంత కాదు, ఐదేళ్లకు చాలేంత మొదటి రోజే కొంటా; నా పనికి 32కి తగ్గను. ఆపిల్ ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లైతే మెమరీ, స్టోరేజీ రెండూ తర్వాత పెంచుకునే వీలు లేదు, అక్కడ ఇంకా జాగ్రత్త పడాలి. స్టోరేజీకి లోపల 1 టీబీ, చాలకపోతే 10 గిగాబిట్ యూఎస్‌బీలో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ పెట్టినా పని జరుగుతుంది. సెకనుకు 1000 ఎంబీ దాకా ఇస్తుంది. కొట్లో వాళ్లు "తర్వాత పెంచుకోవచ్చు సార్" అంటే, ఏ స్లాట్‌లో అని అడుగుతా.

ఇదంతా ఫోన్‌లో టైప్ చేస్తున్నా. లాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్ నడుస్తోంది, రెండో ముక్క, 61 శాతం. బ్రౌజర్ తెరిచే ధైర్యం లేదు.