కోర్టులో చూపించడానికి ఏది మేలు? కాగితం మీద పటమా, తెర మీద వీడియోనా, కంప్యూటర్ యానిమేషనా?

ప్రహరీ గోడ ఎంత మేర జరిగింది, లారీ ఎటు నుంచి వచ్చింది, ప్రామిసరీ నోటు మీది సంతకం ఎక్కడ తేడాగా ఉంది వంటి విషయాలను పది పేజీల వాదనతో చెప్పడం కన్నా కళ్లెదుట పెడితే తేలికగా అర్థమవుతాయని గుంటూరులోనూ విజయవాడలోనూ ఏ న్యాయవాదిని అడిగినా ఒప్పుకుంటారు. పేచీ అంతా ఎలా చూపించాలన్న దగ్గరే వస్తుంది. కోర్టు నియమించిన కమిషనర్ గీసిన ప్లాను, ఎఫ్‌ఎంబీ (ప్రభుత్వ సర్వే రికార్డులోని పొలం కొలతల పటం) నకలు, పెద్దది చేసిన ఫొటో వంటి కాగితాలు ఒక దారి. ల్యాప్‌టాప్, తెర, సీసీటీవీ దృశ్యాలు రెండో దారి. జరిగిన సంఘటనను కంప్యూటర్‌లో బొమ్మలుగా మళ్లీ నడిపించి చూపే యానిమేషన్ మూడోది.

వీటిని పోల్చే ముందు కొలబద్ద ఏమిటో తేల్చుకోవాలి. కోర్టులో దృశ్య సాధనాల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చినవి, అవి జ్యూరీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. చట్టం చదవని పన్నెండు మంది మామూలు పౌరులు ఆ వారంలోనే తీర్పు చెప్పాలి కాబట్టి, అక్కడ తెర మీద కదిలే బొమ్మ మనసులో నాటుకోవడమే ప్రధానం. మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే జ్యూరీ విచారణకు చోటు లేకుండా పోయింది. ఇక్కడ చూసేది ఒక న్యాయాధికారి. ఆయన తీర్పు రాసుకునేది సాక్ష్యం విన్న నాడు కాదు, వాదనలన్నీ ముగిశాక, కొన్ని వారాలకో నెలలకో. ఈ మధ్యలో బదిలీ అయితే తీర్పు రాసేది ఆ సాక్షి ముఖం కూడా చూడని మరొకరు. ఆపైన అప్పీలు నేలపాడులోని హైకోర్టుకు వెళ్లినప్పుడు అక్కడికి చేరేది రికార్డు మాత్రమే. అందుచేత హాలులో ఏది బాగా కనిపించిందన్నదాని కన్నా, హాలు ఖాళీ అయ్యాక ఫైలులో ఏది మిగిలిందన్నదే మనకు అసలు కొలత అని నా అభిప్రాయం.

ఆ కొలతతో చూస్తే స్థలానికి సంబంధించిన తగాదాల్లో కాగితానిదే పైచేయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయించుకుని, మండల సర్వేయరు సాయంతో కొలతలు తీయిస్తే, ఆ నివేదిక రూల్ 10 ప్రకారం దావాలో సాక్ష్యంగా, రికార్డులో భాగంగా నిలుస్తుంది. కమిషనర్ పత్రాలకు ఇచ్చే సి సిరీస్‌ నంబరుతో రికార్డుకెక్కిన (మార్కు అయిన) ఆ ప్లానుకు ఉన్న బలం, కక్షిదారు స్వయంగా చేయించి తెచ్చుకున్న ఎంత అందమైన డ్రాయింగుకూ ఉండదు. ప్రభుత్వ అధికారంతో తయారైన పటాలు సరైనవేనని భావించాలనీ, ఒక కేసు కోసం ప్రత్యేకంగా గీయించిన పటమైతే దాని ఖచ్చితత్వాన్ని రుజువు చేసుకోవాలనీ పాత సాక్ష్య చట్టం 83వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా అదే నియమాన్ని కొనసాగించింది. ఎఫ్‌ఎంబీ నకలు మొదటి కోవలోకి, మన ఇంజనీరు గీసిన ప్లాను రెండో కోవలోకి వస్తాయి.

అయితే ఎఫ్‌ఎంబీ నకలు పెట్టేశాం కదా అని ఊరుకుంటే చిక్కుల్లో పడతాం. 1:2000 స్కేలులో గీసిన పటంలో ఒక అడుగు ఆక్రమణ సుమారు 0.15 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే గీసిన గీత మందం కూడా ఉండదు. బ్రాడీపేటలోనో గవర్నర్‌పేటలోనో రెండు ఇళ్ల మధ్య అడుగున్నర సందు కోసం పోట్లాడుకునే కేసులో ఆ పటాన్ని ఎంత పెద్దది చేసినా పెద్దదయ్యేది గీతే తప్ప ఆక్రమణ కనపడదు. తగాదాలో ఉన్న ఆ పట్టీని మాత్రమే విడిగా, పెద్ద స్కేలులో, గోడ మందంతో సహా కొలిచి గీయమని కోర్టు కమిషనర్‌కు ఇచ్చే ఆదేశపత్రం (వారంటు)లోనే రాయించుకోవాలి. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులంటే 66 అడుగులు. దస్తావేజులో గజాలు, సర్వే నివేదికలో మీటర్లు, ఎఫ్‌ఎంబీలో లింకులు ఉన్నప్పుడు మూడింటినీ పక్కపక్కన మార్చి చూపే చిన్న పట్టిక ప్లాను అంచునే ఉంటే న్యాయాధికారికి సగం శ్రమ తగ్గుతుంది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరుకు ఎదురుగా కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు కూడా వేయక తప్పదు.

సాక్షి చేత చెప్పించే పద్ధతి ఇంకా ముఖ్యం. ఫొటో చేతికిచ్చి అడిగితే సాక్షి వేలు పెట్టి, 'ఇదిగోండి సార్, ఈ మూల నుంచి ఆ వేపచెట్టు దాకా మాదే' అంటాడు. హాలులో ఉన్న వారందరికీ అర్థమవుతుంది. స్టెనో మాత్రం ఈ మూల నుంచి ఆ వేపచెట్టు వరకు తమదని సాక్షి చెప్పినట్లు టైపు చేస్తారు. ఫొటోలో నాలుగు మూలలూ రెండు వేపచెట్లూ ఉంటే, రెండేళ్ల తర్వాత అప్పీలులో ఆ వాక్యానికి విలువ లేదు. దాఖలైన అసలు ఫొటో మీద కాకుండా దాని ప్రతి మీద, కోర్టు అనుమతితో, సాక్షి చేతే ఎర్ర కలంతో రెండు చోట్ల గుర్తులు పెట్టించి, కింద సంతకం చేయించి, దాన్ని ప్రత్యేకంగా మార్కు చేయించుకుంటే, సాక్ష్యంలో ఎగ్జిబిట్ (రుజువుగా నంబరు పడిన పత్రం) ఎ7లోని 'ఎ' గుర్తు నుంచి 'బి' గుర్తు వరకు అని నమోదవుతుంది. పుట్టినరోజుకు, పెళ్లికి, పార్టీ చేరికకు పది అడుగుల ఫ్లెక్సీ కొట్టించే మన ఊళ్లలో, కోట్ల విలువైన స్థలం కేసులో ఎ3 సైజు కలర్ ప్రింటు తీయించడానికి వెనకాడడం నాకు ఎప్పటికీ అంతుపట్టదు.

క్రిమినల్ కేసుల్లో కాగితపు పటానికి ఒక పరిమితి ఉంది. దర్యాప్తు అధికారి గీసిన రఫ్ స్కెచ్‌లో ఆయన కళ్లారా చూసి పెట్టిన గుర్తులకు విలువ ఉంటుంది గానీ, సాక్షులు చెప్పగా విని 'ముద్దాయి ఇక్కడ నిలబడ్డాడు' అని పెట్టిన గుర్తు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంతో సమానమని, కాబట్టి సాక్ష్యంగా చెల్లదని తోరీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. ఆ స్కెచ్‌నే అందంగా రంగులు వేసి తెర మీద చూపినా ఆ లోపం పోదు.

ఇక తెర సంగతి. కదలికే వివాదమైన చోట కాగితం చేతులెత్తేస్తుంది. విజయవాడ వారధి మీద బస్సు ముందు కోసిందా, బైకు ముందు దూరిందా అన్నది ఫొటోతో తేలదు. మిర్చి యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో పొగ మొదట ఏ వైపు నుంచి లేచిందన్నది బీమా దావాలో ప్రాణం వంటి ప్రశ్న. ఇటువంటి కేసుల్లో సీసీటీవీ దృశ్యానికి సాటి లేదు. పైగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదా, స్వాధీనాలను ఆడియో, వీడియోగా రికార్డు చేయాలంటోంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్లడం, అక్కడి ప్రక్రియను వీడియో తీయడం గురించి 176వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇష్టం ఉన్నా లేకున్నా రేపటి విచారణల్లో వీడియో ఉంటుంది.

కానీ దాన్ని కోర్టు ముందుకు తేవడం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లినంత సులువు కాదు. అసలు పరికరాన్నే హాజరుపరచి దాని సొంతదారు బోనెక్కి చెబితే ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ అవసరం లేదనీ, నకలు పెట్టే పక్షంలో సర్టిఫికెట్ తప్పనిసరనీ 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఆ సర్టిఫికెట్‌ను రెండు భాగాలు చేసింది: మొదటిది పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర వంటి అంకె) రాయాలి. ఆ తేదీ నాటికే నడుస్తున్న విచారణలకు పాత చట్టమే వర్తిస్తుంది. ఆచరణలో కేసులు దెబ్బతినేది మాత్రం ఇంతకన్నా చిన్న విషయాల దగ్గర. సీసీటీవీ దృశ్యాలను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) గడియారం పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటే, స్వాధీనం చేసుకున్న నాడే ఆ తేడాను పంచనామాలో రాయించకపోతే, క్రాస్‌లో (ఎదుటి న్యాయవాది చేసే ఎదురు ప్రశ్నల్లో) ఆ ఒక్క ప్రశ్నతోనే సమయం మీద అనుమానం పుడుతుంది. కొన్ని డీవీఆర్‌ల ఫైళ్లు వాటి సొంత ప్లేయరులో తప్ప తెరుచుకోవు. పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోయే లోపు భద్రపరచకపోతే అసలుకే మోసం.

మరో సంగతి. సెకనుకు 15 ఫ్రేములు తీసే కెమెరాలో, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య మీటరుకు పైగా కదులుతుంది. గుద్దుకున్న సరిగ్గా ఆ క్షణం ఏ ఫ్రేములోనూ ఉండకపోవచ్చు. అందుకే వీడియోను ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి ఫ్రేము ఫ్రేముగా ఆపుతూ వేసి చూపించాలి. ముఖ్యమైన మూడు నాలుగు ఫ్రేములను సమయంతో సహా ప్రింటు తీయించి, సర్టిఫికెట్‌తో దాఖలు చేసి, సాక్షి చేత వాటి మీదే మాట్లాడించాలి. వీడియో చూపించడానికి, ప్రింటు మిగలడానికి. ఎదుటి పక్షానికి ప్రతి ముందే ఇవ్వకుండా తెర మీద మొదటిసారి చూపి ఆశ్చర్యపరచాలనుకోవడం సినిమా పద్ధతి. మెమొరీ కార్డులోని విషయం డాక్యుమెంటే కాబట్టి ముద్దాయికి దాని ప్రతి పొందే హక్కు ఉందనీ, బాధితురాలి గోప్యత ముడిపడి ఉన్న చోట మాత్రం ప్రతి ఇవ్వకుండా చూసుకునే అవకాశం కల్పించవచ్చనీ కేరళ నుంచి వచ్చిన గోపాలకృష్ణన్ కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉపగ్రహ చిత్రాలను ఈ రెండు దారులకూ మధ్యలో పెట్టుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూడవచ్చు గనుక ఫలానా ఏడాదికి ఆ పొలంలో షెడ్డు లేచిందా, కాలువ గట్టు మీద ఇల్లు ఉందా అన్నంత వరకు అవి బాగా పనికొస్తాయి. హద్దు గొడవకు పనికిరావు. చిత్రం కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు, మన తగాదా అడుగుల్లో ఉంటుంది.

యానిమేషన్ విషయంలో నా తీర్పు కటువుగానే ఉంటుంది. ప్రమాదాన్ని త్రీడీ బొమ్మలతో మళ్లీ నడిపించడమంటే వేగం, కోణం, వెలుతురు, బ్రేకు వేసిన క్షణం అన్నీ ఎవరో ఒకరు ఊహించి నింపడమే. అది సాక్ష్యం కాదు, అభిప్రాయానికి వేసిన బొమ్మ. దాన్ని తయారుచేసిన నిపుణుడిని బోనెక్కించాలి, ఆయన నింపిన ఒక్కో అంకె మీద క్రాస్‌కు సిద్ధపడాలి. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2006లో సెర్జ్ కేసులో ఒక హత్య తాలూకు యానిమేషన్‌ను అనుమతించడం సరైనదేనన్నప్పటికీ, అది నిపుణుడి అభిప్రాయానికి బొమ్మ మాత్రమేనన్న హెచ్చరిక జ్యూరీకి ఉండాలన్నదానికి అక్కడ ప్రాధాన్యం దక్కింది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 2024 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న 107వ నియమం కూడా వివరించడానికి వాడే బొమ్మ వేరు, సాక్ష్యం వేరు అని గీత గీసింది. జ్యూరీ ఉన్న చోటే అంత జాగ్రత్త అవసరమైతే, జ్యూరీ లేని మన జిల్లా కోర్టులో దాని లాభం మరీ తక్కువ. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి? ఎముక విరిగిన తీరునో, భవనం కూలిన క్రమాన్నో వివరించాల్సిన అరుదైన సాంకేతిక కేసుల్లో, నిపుణుడు తన నివేదికతో పాటుగా వాడితే అభ్యంతరం లేదు. సంతకాల పోలికలో నిపుణులు ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే: పెద్దది చేసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, బాణం గుర్తులతో కారణాలు రాస్తారు. అందుకు కంప్యూటర్ విద్య పెద్దగా అక్కర్లేదు.

వాదనల దశలో పవర్‌పాయింట్ వాడవచ్చా అని జూనియర్లు అడుగుతుంటారు. అడ్డు చెప్పే నియమమేదీ లేదు, కోర్టు అనుమతి కావాలి అంతే. అయితే ఇరవై స్లైడ్ల కన్నా, తేదీ, సంఘటన, ఎగ్జిబిట్ నంబరు అన్న మూడు గడులతో ఒక పేజీ పట్టికను లిఖితపూర్వక వాదనకు జతచేయడం మేలు. తీర్పు రాసేటప్పుడు న్యాయాధికారి బల్ల మీద ఉండేది ఆ పేజీయే.

కాబట్టి హద్దు, ఆక్రమణ, దారి హక్కు వంటి దావాల్లో ఖర్చంతా కమిషనర్ ప్లాను మీదా మంచి ప్రింట్ల మీదా పెట్టండి. ప్రమాదం, దొంగతనం, అగ్నిప్రమాదం అయితే వీడియో, దానితో పాటు ఫ్రేముల ప్రింట్లు. తెర వాడదలచినప్పుడు వాయిదాకు ముందే మెమో వేసి, ఎదుటి న్యాయవాదికి ప్రతి ఇచ్చి, వీలైతే ముందు రోజు సాయంత్రం బెంచ్ క్లర్కును అడిగి ఆ హాలులోనే ఒకసారి వేసి చూసుకోవాలి. విజయవాడలో 2022 ఆగస్టులో ప్రారంభమైన బహుళ అంతస్తుల కోర్టు భవనం అయినా, తాలూకా కేంద్రంలోని పాత హాలు అయినా, ప్లగ్ పాయింట్ ఎక్కడుంది, కిటికీ వెలుగు తెర మీద పడుతుందా, సాక్షి బోను నుంచి తెర కనిపిస్తుందా అన్నవి వెళ్లి చూస్తేనే తెలుస్తాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచుకోవాలి, ఆ ఫైలును తెరిచే ప్లేయరును అందులో ముందే ఎక్కించుకోవాలి. వీడియో చూపిన తర్వాత, ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం వరకు సాక్షికి చూపించారో సాక్ష్యంలో నమోదు చేయమని అక్కడికక్కడే కోరాలి.