రీసేల్‌లో టైమ్‌షేర్ కొంటున్నారా? కంపెనీ కాగితం చేతికి రాకముందు టికెట్లు కొనకండి

అమెరికాలో పిల్లలున్న మన నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు ఇది ఒకసారి చదవండి, పిల్లలకు కూడా పంపండి. మాకు జరిగినట్టు ఇంకొకరికి జరగొద్దని రాస్తున్నాను.

మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టు టైమ్‌షేరును, అంటే ఏటా కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కును, పాత ఓనరు దగ్గర రీసేల్‌లో కొందామనుకున్నాడు. ఈ హక్కును పాయింట్లలో అమ్ముతారు, ఏటా ఆ పాయింట్లతో గది బుక్ చేసుకోవాలి. కంపెనీ దగ్గర కొత్తగా తీసుకుంటే పాయింటుకు 180 డాలర్లు. ఓనరుకు డబ్బు అవసరం పడి 85కే ఇస్తానన్నాడు. 160 పాయింట్లకు 13,600 డాలర్లు. నా రిటైర్మెంటు డబ్బులోంచి 5 లక్షలు పంపాను. ఏటా ఎండాకాలం అమ్మానాన్నలను తీసుకెళ్లి వారం రోజులు అక్కడ ఉంచాలని వాడి ఆశ. "కంపెనీ పర్మిషన్ ఉత్త ఫార్మాలిటీ, రెండు నెలల్లో మీ పేరు మీదికి వస్తుంది" అన్నాడు బ్రోకరు. ఏప్రిల్ 3న సంతకాలయ్యాయి. ఆ వారమే శంషాబాద్ నుంచి మా ఇద్దరికీ, మా వదినకూ జూన్ టికెట్లు కొనేశాడు. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాని టికెట్లు.

ఏప్రిల్ 29 రాత్రి ఫోన్ వచ్చింది. మా ఆవిడ అప్పుడే మామిడికాయ ముక్కలు తుడిచి, పాత చీర మీద ఆరబోస్తోంది. వాడితో పంపడానికి కాదు, ఈసారి తనే తీసుకెళ్లడానికి. "నాన్నా, మనం కొన్నది కంపెనీవాళ్లే తీసేసుకున్నారు" అన్నాడు. మెయిల్ చదివి వినిపించాడు, మూడే వాక్యాలు. మేం సంతకం చేసిన ధరకే, అవే షరతులకు కంపెనీ కొంటోంది, మా డబ్బు మాకు తిరిగి వస్తుంది, అంతే. ఓనరుకు నష్టం లేదు, ఎవరిచ్చినా అదే 13,600. బ్రోకరుకూ కమిషన్ పోలేదు. పోయింది మాకొక్కరికే. డబ్బు వెనక్కి రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. టికెట్ల తేదీలు మార్చడానికి, డాలర్ల మారకంలో పోయింది అంతా కలిపి లక్షా పాతిక వేలు దాటింది.

బయటివాళ్లకు కుదిరిన ధరకే కంపెనీ ముందుగా తనే కొనుక్కునే ఈ హక్కును అక్కడ రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్ అంటారు, పొట్టిగా ఆర్‌ఓఎఫ్‌ఆర్. మన అమ్రాబాద్, దేవరకొండ వైపు ఆర్‌ఓఎఫ్‌ఆర్ అంటే పోడు పట్టాలు. అది వేరు, ఇది వేరు. ఊళ్లో భూమి అమ్మాలంటే ముందు పాలోళ్లను అడుగుతాం కదా, అలాంటిది. వారసుల్లో ఒకరు తన వాటా అమ్ముతుంటే మిగతావాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని 1956 హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ కూడా చెబుతుంది. ఇక్కడ పాలోడి స్థానంలో కంపెనీ ఉంటుంది. మొదటి ఓనరు సంతకం పెట్టిన రోజే ఆ హక్కును కాగితాల్లో రాసుకుంటుంది.

మరి కంపెనీ ఏది తీసుకుంటుంది, ఏది వదిలేస్తుంది? ఆ తర్వాత నెల రోజులు మా అబ్బాయీ నేనూ కూర్చుని తెలుసుకున్నది ఇది. అన్నిటికంటే ముందు ధర చూస్తారు. 85కు వెనక్కి తీసుకున్న పాయింటును 180కి అమ్ముకోగలిగితే ఎందుకు వదులుతారు? అంటే మనకు ఎంత మంచి బేరం అనిపిస్తే, చేజారే ప్రమాదం అంత ఎక్కువ. ఇది మాకెవరూ చెప్పలేదు. రెండోది, ఆ రిసార్టులో అమ్మడానికి వాళ్ల దగ్గర సరుకు ఉందా లేదా. కొత్త యూనిట్లు అమ్ముడుపోక మిగిలి ఉంటే పాతవి కొనరు. అన్నీ అయిపోయి, అడిగేవాళ్లు ఉంటే కొంటారు. ఒప్పందానికి ఇంకా ఎన్నేళ్లు మిగిలున్నాయి, ఈ ఏడాది పాయింట్లు వాడేశారా, అలాగే ఉన్నాయా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ఫలానా ధర దాటితే వదిలేస్తామని ముందుగా చెప్పరు. పోయిన నెల వదిలేసిన ధరకే ఈ నెల తీసుకోవచ్చు. అందుకే "ఈ రేటుకు కచ్చితంగా పాస్ అవుతుంది, కంపెనీ వదిలేస్తుంది" అని ఏ బ్రోకరు చెప్పినా నమ్మకండి.

ఇంకో వైపు, గిరాకీ లేని రిసార్టులను కంపెనీలు ముట్టుకోవు. ఏటా కట్టే మెయింటెనెన్స్ భరించలేక ఒక్క డాలరుకే వదిలించుకుంటామన్న ఓనర్లు కూడా ఉన్నారు. అవి చవగ్గా వచ్చాయని సంబరపడొద్దు, ఆ మెయింటెనెన్స్ మన నెత్తిన పడుతుంది.

పాస్ అయినా అన్నీ రావు. మా వ్యవహారం వాళ్లతో కాదు గానీ, అందరికీ తెలిసిన డిస్నీ వెకేషన్ క్లబ్‌నే చూడండి. 2019 జనవరి 19 తర్వాత రీసేల్‌లో కొన్న పాత రిసార్టుల పాయింట్లతో, ఆ తర్వాత వచ్చిన రివియేరా లాంటి కొత్త రిసార్టుల్లో గది దొరకదు. కొనేముందు ఇది అడగాలి.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. బయటివాడితో సంతకమైన అగ్రిమెంటు ఉంటేనే ఈ హక్కు పనిచేస్తుంది. మనం వెళ్లి బతిమాలితే వెనక్కి కొంటామన్న హామీ కాదు. "అమ్మాలనుకుంటే ఎప్పుడైనా కంపెనీయే కొంటుంది" అని అంటగట్టేవాళ్ల మాట నమ్మొద్దు. మహబూబ్‌నగర్‌లో మా బావకు ఇక్కడి హాలిడే మెంబర్‌షిప్ ఒకటి ఉంది. "మీది కంపెనీ బైబ్యాక్ చేస్తోంది, ఎన్‌ఓసీకి, జీఎస్టీకి ముందు 42 వేలు కట్టండి" అని ఫోన్ వస్తే కట్టేశాడు. ఆ నంబరు మళ్లీ కలవలేదు. నిజంగా కొనేవాడు మనకు డబ్బిస్తాడు గానీ మన దగ్గర తీసుకోడు. అలా కట్టినవాళ్లు సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. మెంబర్‌షిప్ అమ్మినవాళ్ల మీద ఫిర్యాదుకైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు, కాకపోతే రెండేళ్లలోపు వెళ్లాలి.

మా అబ్బాయి ఇప్పుడు ఇంకొకటి చూస్తున్నాడు. ఈసారి కాగితాలు ముందు నాకు పంపాడు. ప్రకాశం బజార్‌లో ప్రింటు తీయించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. కంపెనీ హక్కు 11వ పేజీలో ఉంది, గడువు 30 రోజులు. హక్కు వాడుకోవడం లేదని కంపెనీ రాసిచ్చి, రిజిస్ట్రేషన్ పూర్తై, పాయింట్లు తన అకౌంటులో కనబడేదాకా టికెట్ల ఊసెత్తొద్దని చెప్పాను. తొక్కు జాడీ మూత కట్టి అటక మీద పెట్టింది మా ఆవిడ.