కొత్త క్వార్టర్‌బ్యాక్: వెంటనే ఆడించడం మేలా, కూర్చోబెట్టడం మేలా?

2023 జులై సగం దాటింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో మా ఊరి జట్టు హ్యూస్టన్ టెక్సన్స్. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, రెండో ఎంపికగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) సి.జె. స్ట్రౌడ్ ఇంకా ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. మా బావమరిది ఇదే ఊళ్లో ఉంటాడు, అయినా రోజుకు రెండుసార్లు ఫోను. "బావా, సీజన్ ముందరి సాధన శిబిరం దగ్గర పడింది. కుర్రాడు బెట్టు చేస్తున్నాడేమో!" బెట్టు చేయడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలలేదని ఎన్నిసార్లు చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. చివరికి శిబిరం సమయానికి సంతకం అయింది. నాలుగేళ్లు, దాదాపు 3.6 కోట్ల డాలర్లు, మొత్తం హామీతో. ఆ సాయంత్రం మళ్లీ ఫోను. ఈసారి ప్రశ్న మారింది. "సరే, సంతకం అయింది. మరి మొదటి మ్యాచ్‌కే దించుతారా, లేక ఏడాది కూర్చోబెడతారా? ఏది మంచిది?"

అతను వీటిని రెండు వేర్వేరు ప్రశ్నలనుకున్నాడు. నాకు మాత్రం రెండో ప్రశ్నకు జవాబు సగం మొదటి దానిలోనే ఉందనిపిస్తుంది. అందుకే ముందు కాగితం సంగతి చూద్దాం.

ఐపీఎల్ వేలం అలవాటైన వారికి ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ వింతగా కనిపిస్తుంది. ఇక్కడ పాట పాడటం ఉండదు. నిరుడు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది. ఎవరు ఎంచుకుంటే ఆటగాడు వారికే ఆడాలి. అయితే 2010 వరకు ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిందే. ఆ బేరం ఎంత దూరం పోయేదో చెప్పడానికి జమార్కస్ రస్సెల్ ఒక్కడు చాలు. 2007లో మొదటి ఎంపికగా అతన్ని ఓక్లండ్ రైడర్స్ తీసుకుంది. శిబిరం మొత్తం అయిపోయింది, సీజన్‌లో మొదటి మ్యాచ్ కూడా అయిపోయింది, అప్పటికి గానీ సంతకం కాలేదు. ఆరేళ్లు, 6.8 కోట్ల డాలర్ల దాకా, అందులో 3 కోట్లకు పైగా హామీ సొమ్ము. ఆట నేర్చుకోవలసిన వారాలన్నీ బేరంలో కరిగిపోయాయి. 25 మ్యాచ్‌లు మొదలుపెట్టి (అంటే మొదటి నుంచీ మైదానంలో ఉండి) 7 గెలిచాడు. 2010 మేలో జట్టు అతన్ని వదిలేసింది.

ఆ బేరాల కాలానికి చివరి మెట్టు శామ్ బ్రాడ్‌ఫర్డ్. 2010లో సెయింట్ లూయిస్ రామ్స్ అతనికి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అందులో 5 కోట్లు హామీ. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క బంతి కూడా విసరకముందే! ఆ మరుసటి ఏడు జట్ల యజమానులు, ఆటగాళ్లతో ఒడంబడిక కుదరక, నాలుగు నెలలకు పైగా తలుపులు మూసి కూర్చున్నారు. తెరిచాక వచ్చిన కొత్త ఒడంబడికలో కొత్తవారి జీతాలకు ఒక కొలబద్ద పెట్టారు. 2011లో మొదటి ఎంపిక అయిన కామ్ న్యూటన్‌కు కరోలినా పాంథర్స్ నుంచి దక్కింది నాలుగేళ్లకు 2.2 కోట్లు. ఇద్దరూ కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవారే, ఇద్దరూ మొదటి ఎంపికలే, మధ్యలో ఒక్క ఏడాదే తేడా. అయినా న్యూటన్ మొత్తం ఒప్పందం బ్రాడ్‌ఫర్డ్ హామీ సొమ్ములో సగం కూడా లేదు. తరువాత సంగతి అందరికీ తెలిసిందే. బ్రాడ్‌ఫర్డ్ మోకాలు రెండుసార్లు దెబ్బతింది. న్యూటన్ 2015లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. సొమ్ముకూ ఆటకూ సంబంధం ఉందనుకునేవారికి ఈ జంటను చూపిస్తే చాలు.

ఇప్పుడు బేరం ఆడటానికి మిగిలినవి చిల్లర విషయాలు. బోనస్ ఎప్పుడు చేతికి వస్తుంది, జట్టు మధ్యలో వదిలేస్తే ఆటగాడు వేరేచోట సంపాదించినది పాత జట్టు తన బాకీలోంచి తగ్గించుకోవచ్చా లేదా, ఇలాంటివి. ఈ మాట దగ్గరే 2018లో న్యూయార్క్ జెట్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్ శిబిరంలో కొద్ది రోజులు పోగొట్టుకున్నాడు. కొద్ది రోజులే. రస్సెల్‌లా నెలన్నర కాదు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే అభిమానిగా నా ఓటు కొత్తదానికే. న్యాయం మాట వస్తే అంత తేలిగ్గా ఓటు వేయలేను. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 262వ ఎంపికగా వచ్చిన బ్రాక్ పర్డీ 2023 సీజన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌ను లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ దాకా నడిపించాడు. ఆ ఏడాది అతని జీతం 8.7 లక్షల డాలర్లు. ఆ సూపర్‌బౌల్‌లో అవతలివైపు ఉన్న పాట్రిక్ మహోమ్స్ ఒప్పందం పదేళ్లకు 45 కోట్లు. మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్త ఆటగాడి ఒప్పందం తిరగరాయకూడదన్నది నిబంధన. ఐపీఎల్‌లో మన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ 20 లక్షల రూపాయలకు కొని, రెండు సీజన్ల తరువాత 6 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుంది. పర్డీకి ఆ వీలు కూడా లేదు, మూడో సీజన్ దాకా ఆగవలసిందే. ఆగినందుకు 2025 మేలో అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్లు వచ్చాయి, కాబట్టి కన్నీళ్లు పెట్టుకోవలసిన పని లేదు. కానీ ఆ మధ్యలో మోకాలు పోయి ఉంటే?

ఇక అసలు చిక్కు. జట్టు మొత్తం జీతాలకు లీగ్ పైకప్పు పెడుతుంది. 2024లో అది సుమారు 25.5 కోట్ల డాలర్లు. పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే అందులో పెద్ద ముక్క తినేస్తాడు. కొత్తవాడు చవక. మిగిలిన సొమ్ముతో చుట్టూ మంచి ఆటగాళ్లను నింపుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ డ్రాఫ్ట్ మూడో రౌండులో వచ్చినవాడి చిన్న జీతంతో ఆడుతుండగానే సియాటిల్ 2014 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ గెలిచింది. కానీ ఈ చవక కాలం నాలుగేళ్లే. మొదటి రౌండు ఆటగాడైతే జట్టు ఇష్టం మీద అయిదో ఏడు. ఆ అయిదో ఏడు కావాలా వద్దా అన్నది కూడా మూడో సీజన్ ముగిసిన కొద్ది నెలలకే చెప్పేయాలి. అందుకే ప్రతి జట్టుకూ తొందర. దీనిలో తమాషా ఏమిటంటే పాత రోజుల్లోనూ తొందరే. అప్పుడు "ఇంత పోసి కొన్నవాణ్ణి బెంచి మీద కూర్చోబెడతామా" అని దించేవారు. ఇప్పుడు "చవకగా ఉన్నప్పుడే వాడుకోకపోతే ఎలా" అని దించుతున్నారు. రెండు వాదనల్లోనూ కుర్రాడు సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్న లేదు.

కూర్చోబెట్టాలనేవారు అందరూ చెప్పే పేరు మహోమ్స్. 2017లో పదో ఎంపికగా వచ్చి, ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనుక కూర్చుని, చివరి వారం డెన్వర్‌లో ఒక్క మ్యాచ్ ఆడాడు. మరుసటి ఏడు 50 టచ్‌డౌన్లు (అవతలి గీత దాటించి ఆరేసి పాయింట్లు తెచ్చే పాసులు) విసిరాడు, లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇంకో ఏడాదికి, చవక ఒప్పందంలో ఉండగానే, కాన్సస్ సిటీకి సూపర్‌బౌల్ తెచ్చాడు. ఈ కథ వినడానికి బాగుంటుంది. అయితే మరిచిపోకూడనిది ఒకటుంది. కాన్సస్ సిటీ అతను రాకముందు సీజన్‌లోనే 12 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. డ్రాఫ్ట్‌లో పైకి ఎగబాకడానికి వేరే ఎంపికలు ఇచ్చి మరీ అతన్ని తెచ్చుకుంది. అతను వెనుక కూర్చున్న స్మిత్ ఆ ఏడాది లీగ్‌లోనే అత్యధిక పాసర్ రేటింగ్ (బంతి విసరడంలో పనితనాన్ని కొలిచే అంకె) సాధించాడు. నిండిన గాదె ఉన్న ఇంట్లో విత్తనాలు దాచుకోవచ్చు. మామూలుగా మొదటి రెండు మూడు ఎంపికలు దక్కేది ఓడిపోయి ఓడిపోయి ఉన్న జట్లకు. అక్కడ ఎవరి వెనుక కూర్చోవాలి?

ఎక్కువ కాలం కూర్చుంటే ఏమవుతుందో గ్రీన్ బే జట్టు చూపించింది. 2020లో వచ్చిన జోర్డన్ లవ్ మూడు సీజన్లు ఆరన్ రాడ్జర్స్ వెనుకే. రాడ్జర్స్ కూడా ఒకప్పుడు బ్రెట్ ఫార్వ్ వెనుక మూడేళ్లు కూర్చున్నవాడే కాబట్టి అది ఆ ఇంటి ఆచారం అనుకోవాలి. కానీ 2023 వసంతంలో అయిదో ఏటి సంగతి తేల్చవలసి వచ్చేసరికి జట్టు చేతిలో ఉన్న రుజువు ఒకే ఒక్క మ్యాచ్ మొదలుపెట్టడం, అదీ ఓటమి. తేల్చుకోలేక మధ్యేమార్గంగా ఒక చిన్న ఒప్పందం రాసుకున్నారు. లవ్ ఒక్క సీజన్ బాగా ఆడాడు, 2024 జులైలో నాలుగేళ్లకు 22 కోట్లు ఇవ్వవలసి వచ్చింది. ఆటగాడికి మేలు జరిగింది, కాదనను. జట్టు మాత్రం చవక కాలమంతా బెంచి మీద ఖర్చు పెట్టేసింది.

వెంటనే దించాలనేవారు పేటన్ మానింగ్ పేరు ఎత్తుతారు. 1998లో కొత్తవాడుగా 28 ఇంటర్‌సెప్షన్లు (అవతలివారి చేతికి చిక్కిన పాసులు) విసిరాడు, ఇండియానాపొలిస్ 3 గెలిచి 13 ఓడింది. మరుసటి ఏడు లెక్క తిరగబడింది, 13 గెలుపులు, 3 ఓటములు. "చూశారా, ఓడుతూ నేర్చుకున్నాడు" అంటారు. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లకు వెంటనే గుర్తొచ్చే పేరు వేరే. డేవిడ్ కార్. 2002లో టెక్సన్స్ జట్టు పుట్టినప్పుడు మొదటి ఎంపిక. అతన్నీ మొదటి రోజే దించారు. మొట్టమొదటి మ్యాచ్‌లో డాలస్‌ను ఓడించారు కూడా. కానీ ఆ ఏడాది అతన్ని బంతి విసరకముందే 76 సార్లు పడగొట్టారు. ఆ రికార్డు నేటికీ అలాగే ఉంది. అయిదేళ్లలో 249 సార్లు. ఇక్కడి పాత అభిమానులు కార్ ఆటను గుర్తు చేసుకుంటే విసిరిన పాసుల గురించి చెప్పరు. బంతి చేతికి రాగానే ఎడమకూ కుడికీ చూసే ఆ చూపు గురించి చెబుతారు.

మానింగ్‌ను ఆ మొదటి ఏడు ఎన్నిసార్లు పడగొట్టారో తెలుసా? 22. నా తీర్పు ఇక్కడే ఉంది. అతను చేసినవి తప్పులు, నిలబడి, మైదానం మొత్తం చూసి, తప్పుగా విసిరినవి. అలాంటి తప్పు సోమవారం వీడియోలో చూసి దిద్దుకోవచ్చు. కార్‌కు తప్పు చేసేంత సమయం కూడా దొరకలేదు. కాబట్టి కుర్రాడు సిద్ధంగా ఉన్నాడా అని అడిగేముందు అతన్ని కాపాడటానికి ముందు వరుసలో నిలబడే ఆ అయిదుగురు ఎవరని అడగాలి. వాళ్లు గట్టివాళ్లయితే, కోచ్ రెండేళ్లయినా ఉండేటట్టయితే, మొదటి రోజే దించండి. కాకపోతే సగం సీజన్ ఆపండి, ఆ సొమ్ముతో ముందు గోడ కట్టండి. మూడేళ్ల బెంచి నేటి ఒప్పందాల లెక్కలో గిట్టుబాటు కాదు.

2023లో ఇది పక్కపక్కనే కనిపించింది. మొదటి ఎంపిక బ్రైస్ యంగ్ కరోలినాకు, రెండోవాడు స్ట్రౌడ్ మాకు. ఒప్పందాలు దాదాపు సమానం. ఇద్దరూ మొదటి వారమే ఆడారు. యంగ్‌ను 62 సార్లు పడగొట్టారు, 11 మ్యాచ్‌లకే కోచ్‌ను పంపేశారు, అతను మొదలుపెట్టినవాటిలో గెలిచినవి రెండే. మరుసటి ఏడు రెండు మ్యాచ్‌లకే బెంచి. వింతగా ఆ బెంచే అతనికి మేలు చేసింది. కొన్ని వారాలు ఆండీ డాల్టన్ ఆడుతుండగా పక్కన నిలబడి చూసి తిరిగివచ్చాడు, సీజన్ చివరి మ్యాచ్‌లో అట్లాంటాను అదనపు సమయంలో 44-38తో ఓడించాడు. ముందు చేయవలసినది వెనుక చేశారన్నమాట.

స్ట్రౌడ్ మొదటి రెండు మ్యాచ్‌లు ఓడిపోయాడు. మా బావమరిది "కూర్చోబెట్టాల్సింది" అని మొదలుపెట్టాడు. నవంబరు 5న అది ఆగింది. ఆ ఆదివారం మా మామగారు కూడా ఉన్నారు, తెనాలి నుంచి వచ్చి వారమే. టాంపా బేతో మ్యాచ్. మధ్యలో మా కిక్కర్‌కు గాయమైంది. ఆయన మరమరాల పళ్లెం పక్కన పెట్టి అడిగారు. "అల్లుడుగారూ, తన్నేవాడు ఒక్కడు పడిపోతే ఇంతమందిలో తన్నడం వచ్చినవాడే లేడా?" ఉన్నాడు. బంతి పట్టుకుని పరుగెత్తే డారే ఒగుంబొవాలే వచ్చి ఫీల్డ్ గోల్ కొట్టాడు. ఆయన అప్పటి నుంచి లేవలేదు. 46 సెకన్లు ఉండగా టాంపా బే ముందుకు వెళ్లింది. స్ట్రౌడ్ 75 గజాలు నడిపించి, 6 సెకన్లు మిగిలి ఉండగా ట్యాంక్ డెల్‌కు చివరి టచ్‌డౌన్ విసిరాడు. 39-37. ఒక్క మ్యాచ్‌లో 470 గజాలు, కొత్తవారిలో రికార్డు. ఆ చివరి పాసు మళ్లీ మళ్లీ చూపించారు. మా మామగారు ఒక్కసారి కూడా బంతిని చూడలేదు. "ఈ పిల్లవాడి దగ్గరికి ఎవరూ రాలేదేమిటి?" అన్నారు.

2024లో వచ్చారు, 52 సార్లు. ఇంటర్‌సెప్షన్లు 5 నుంచి 12కు పెరిగాయి. బావమరిది మళ్లీ ఫోను. ఈసారి ఒప్పందం గురించి, ముందే కొత్తది రాసేయాలా, ఆగాలా అని. నేను అయిదుగురి పేర్లు అడిగాను, ఆ గోడలో ఉన్నవాళ్లవి. రెండు చెప్పి ఆగిపోయాడు.